అయస్కాంతం చెప్పిన సముద్రం

గురుగ్రహం చుట్టూ తిరిగే చంద్రుల్లో అతి పెద్దదైన గానిమీడ్‌కు సొంత అయస్కాంత క్షేత్రం ఉందని 1996లో తేలింది. మరో చంద్రుడైన యూరోపా మంచు పెంకు కింద ఉప్పునీటి సముద్రం ఉందనడానికి గట్టి ఆధారం 2000లో దొరికింది. రెండింటినీ పట్టిచ్చింది గెలీలియో వ్యోమనౌక మోసిన ఒకే పరికరం. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (యూసీఎల్‌ఏ) నుంచి ఆ పరికరం బృందాన్ని నడిపిన శాస్త్రవేత్త మార్గరెట్ గాలండ్ కివెల్సన్. ఆ పరికరం ఫొటోలు తీయదు. తానున్న చోట అయస్కాంత క్షేత్రం ఎంత బలంగా ఉందో, ఏ దిక్కుకు చూపుతోందో నమోదు చేయడం తప్ప దానికి మరో పని లేదు. అలాంటి అంకెల వరుసను చూసి ఒక చంద్రుడి కడుపులో ఏముందో చెప్పగలిగే స్థితికి రావడానికి ఈ శాస్త్రానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. వాటిలో మూడింటికి పైగా కివెల్సన్ అందులో పనిచేశారు.

ఈ శాస్త్రపు మూలాలు నేల మీదే ఉన్నాయి. భూగోళమే ఒక పెద్ద అయస్కాంతమని 1600లో ఇంగ్లండ్ వైద్యుడు విలియం గిల్బర్ట్ రాశాడు. నేల మీద అక్కడక్కడా తీసుకున్న కొలతల నుంచి, క్షేత్రంలో ఎంత భాగం భూమి లోపలి నుంచి వస్తోందో, ఎంత భాగం బయటి నుంచి వస్తోందో లెక్కకట్టి విడదీయవచ్చని 1830ల చివర జర్మన్ గణితవేత్త గౌస్ చూపించాడు. లోపలిదేదో బయటిదేదో విడదీయడం అనే ఆ సమస్యే తర్వాత ప్రతి గ్రహం దగ్గరా, ప్రతి చంద్రుడి దగ్గరా ఎదురైంది. వేరే గ్రహానికి అయస్కాంత క్షేత్రం ఉండవచ్చన్న తొలి సూచన 1955లో అనుకోకుండా వచ్చింది. బెర్నార్డ్ బర్క్, కెనెత్ ఫ్రాంక్లిన్ అనే ఇద్దరు అమెరికన్ రేడియో ఖగోళవేత్తలు 22 మెగాహెర్ట్జ్ దగ్గర ఆకాశాన్ని వింటుండగా గురుగ్రహం నుంచి రేడియో పేలుళ్లు వినిపించాయి. బలమైన క్షేత్రంలో చిక్కిన ఎలక్ట్రాన్లు లేకుండా అలాంటి సంకేతాలు రావడం కష్టం. 1958లో ఎక్స్‌ప్లోరర్ 1 ఉపగ్రహం మోసుకెళ్లిన జేమ్స్ వాన్ అలెన్ పరికరం భూమి చుట్టూ రేడియేషన్ పట్టీని గుర్తించడంతో, గ్రహపు క్షేత్రం తన చుట్టూ కణాలను పట్టి ఉంచే అయస్కాంతావరణం అనే భావన స్థిరపడింది.

కివెల్సన్ 1928 అక్టోబరు 21న న్యూయార్క్ నగరంలో పుట్టారు. తండ్రి వైద్యుడు, తల్లి కాలేజీలో భౌతికశాస్త్రం చదివిన మనిషి. భౌతికశాస్త్రంలో ఆడవాళ్లకు దారి కష్టమనీ, ఆహార నిపుణురాలు కావడం మంచిదనీ ఆమెకు మేనమామో చిన్నాన్నో వరసైన ఒక బంధువు సలహా ఇచ్చారు. 1946లో ఆమె హార్వర్డ్‌కు అనుబంధంగా ఉన్న మహిళా కళాశాల ర్యాడ్‌క్లిఫ్‌లో చేరారు. పాఠాలు హార్వర్డ్ ఆచార్యులే చెప్పేవారు, పట్టా మీద పేరు మాత్రం ర్యాడ్‌క్లిఫ్‌ది. మహిళలకు హార్వర్డ్ పేరుతోనే పీహెచ్‌డీలు ఇవ్వడం 1963లో గానీ మొదలు కాలేదు. 1950లో బీఏ, 1951లో ఎంఏ పూర్తిచేసి, జూలియన్ ష్వింగర్ దగ్గర పరిశోధనకు చేరారు. క్వాంటమ్ విద్యుద్గతిశాస్త్రానికి 1965లో నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ష్వింగర్ ఒకరు. అధిక శక్తి గల ఎలక్ట్రాన్లు వేగం తగ్గినప్పుడు వెలువరించే వికిరణం మీద రాసిన సిద్ధాంతవ్యాసానికి 1957లో ఆమెకు డాక్టరేట్ వచ్చింది. గ్రహాలతో గానీ అయస్కాంత సూచులతో గానీ దానికి ఏ సంబంధమూ లేదు.

అప్పటికే ఆమె కాలిఫోర్నియాకు వచ్చేశారు. భర్త డేనియల్ కివెల్సన్‌కు యూసీఎల్‌ఏ రసాయనశాస్త్ర విభాగంలో ఉద్యోగం వచ్చింది. 1955లో ఆమె సాంటా మోనికాలోని ర్యాండ్ కార్పొరేషన్‌లో చేరారు. రక్షణ అవసరాల కోసం ప్రభుత్వానికి విశ్లేషణలు చేసిపెట్టే సంస్థ అది. ఇద్దరు చిన్న పిల్లలున్న తల్లి పార్ట్ టైమ్‌గా భౌతికశాస్త్రం చేయడానికి ఆ రోజుల్లో విశ్వవిద్యాలయాల్లో చోటు దాదాపు లేదు. అక్కడ ఉంది. ర్యాండ్‌లో ఆమె డాన్ డుబోయ్ వంటి సహోద్యోగులతో కలిసి ప్లాస్మా భౌతికం మీద పనిచేశారు. ఎలక్ట్రాన్లు, అయాన్లు విడివిడిగా తిరిగే వేడి వాయువే ప్లాస్మా. అంతరిక్షంలో కంటికి కనిపించే పదార్థంలో చాలా భాగం ఆ స్థితిలోనే ఉంటుంది. ఆమె జీవితచరిత్ర రాసేవారు ర్యాండ్ ఏళ్లను ఒక వాక్యంతో దాటేస్తుంటారు. ఆ తర్వాతి పనంతటికీ పునాది పడింది మాత్రం అక్కడే. గురుడి చుట్టూ ఉన్న పరిసరాన్ని చాలామంది అయస్కాంత రేఖల చిత్రంగా చూస్తున్న కాలంలో, ఆమె దాన్ని రేఖల వెంట అలలు పరుగెత్తే ప్లాస్మాగా చూడగలిగారు.

1965-66లో భర్తకు సెలవు సంవత్సరం రావడంతో కుటుంబం బోస్టన్ వైపు వెళ్లింది. ఆ ఏడాది ర్యాడ్‌క్లిఫ్ ఇన్‌స్టిట్యూట్ ఫెలోషిప్‌తో ఆమె మళ్లీ విశ్వవిద్యాలయ వాతావరణంలో గడిపారు. తిరిగివచ్చాక 1967లో యూసీఎల్‌ఏలో సహాయ పరిశోధక భూభౌతికవేత్తగా చేరారు. అప్పటికి ఆమె వయసు నలభైకి దగ్గరపడింది. ర్యాండ్‌తో సంబంధం 1971 వరకు కొనసాగింది, పూర్తిస్థాయి ప్రొఫెసర్ హోదా 1980లో వచ్చింది. చేరిన కొత్తలో చేసిన పని భూమి చుట్టూ తిరిగే ఓజీఓ-5 ఉపగ్రహం కొలతలను చదవడం. 1968 ఆగస్టు 15న భూమి అయస్కాంతావరణంలో చెలరేగిన కల్లోలాల మీద యూసీఎల్‌ఏ బృందం 1973లో ఇతరులతో కలిసి తొమ్మిది వ్యాసాల వరుస ప్రచురించింది. రాబర్ట్ మెక్‌ఫెరన్, క్రిస్టఫర్ రస్సెల్, మిషెల్ ఓబ్రీ వంటివారు అందులో ఉన్నారు. ఎలక్ట్రాన్ల కొలతల మీది ఒక వ్యాసం కివెల్సన్‌ది. ఒకే రోజు కొలతలను ఇంత మంది ఇన్ని వైపుల నుంచి చదవడం చూస్తే ఆ రంగపు పని తీరు తెలుస్తుంది. అంతరిక్ష భౌతికంలో ప్రయోగాన్ని మళ్లీ చేయడం కుదరదు. ఉపగ్రహం ఒకసారి దాటిన చోటు మళ్లీ అలాగే దొరకదు కాబట్టి, ఉన్న కొలతల గీతను పూర్తిగా పిండుకోవాల్సిందే.

ఆ గీతను గీసే పరికరం ఫ్లక్స్‌గేట్ మాగ్నెటోమీటర్. రెండో ప్రపంచయుద్ధంలో నీటి అడుగునున్న జలాంతర్గాములను విమానం నుంచి పసిగట్టడానికి విక్టర్ వాకియే చేతిలో రూపుదిద్దుకున్న సాధనం అది. సులువుగా అయస్కాంతమయ్యే లోహపు తునక చుట్టూ తీగ చుట్టి, అటూ ఇటూ మారే విద్యుత్తును పంపుతారు. తునక ప్రతిసారీ తన పరిమితి దాకా అయస్కాంతమై, తిరగబడుతుంది. బయటి క్షేత్రం ఏమీ లేకపోతే రెండు వైపులా ఒకే తీరుగా తిరగబడుతుంది, ఉంటే ఒక వైపు కాస్త ముందుగా పరిమితిని తాకుతుంది. మరో తీగచుట్టలో కనిపించే ఆ చిన్న తేడాయే కొలత. ఒకదానికొకటి లంబంగా మూడు సెన్సర్లు పెడితే దిక్కు కూడా తెలుస్తుంది. పరికరం చిన్నది, తక్కువ కరెంటుతో నడుస్తుంది. దాని అసలు శత్రువు దాన్ని మోసే వ్యోమనౌకే. నౌకలోని మోటార్లు, వైర్లు, బ్యాటరీలు అన్నీ తమ క్షేత్రాన్ని కలిపేస్తాయి. అందుకే సెన్సర్లను పొడవైన బూమ్ చివర పెడతారు. గెలీలియో వ్యోమనౌకలో అవి సుమారు 7, 11 మీటర్ల దూరాల్లో ఉండేవి. రెండు చోట్లా వచ్చిన విలువల తేడా చూసి నౌక సొంత మలినాన్ని తీసివేస్తారు.

గురుడి దగ్గరికి తొలిసారి మాగ్నెటోమీటర్ వెళ్లింది 1973 డిసెంబరులో, పయొనీర్ 10 మీద. మరుసటి డిసెంబరులో పయొనీర్ 11, 1979లో రెండు వోయేజర్లు వెళ్లాయి. గురుడి క్షేత్రం మధ్యరేఖ దగ్గర నాలుగు గాస్‌ల పైన, అంటే భూమధ్యరేఖ దగ్గరి భూక్షేత్రానికి పది రెట్లకు మించి ఉందని తెలిసింది. అంతకన్నా ముఖ్యమైన సంగతులు మరి రెండున్నాయి. గురుడు 9 గంటల 55 నిమిషాలకు ఒకసారి తన చుట్టూ తాను తిరుగుతూ, చుట్టూ ఉన్న ప్లాస్మాను కూడా తనతో పాటు ఈడ్చుకుపోతాడు. ఆ ప్లాస్మా చాలావరకు అయో అనే చంద్రుడి అగ్నిపర్వతాల నుంచి వచ్చినదే. అయో సెకనుకు దాదాపు ఒక టన్ను పదార్థాన్ని అంతరిక్షంలోకి వదులుతుంది. రెండోది, గురుడి అయస్కాంత అక్షం భ్రమణాక్షానికి సుమారు పది డిగ్రీలు ఒరిగి ఉంది. దాంతో చంద్రులున్న తలంలో క్షేత్రం స్థిరంగా ఉండదు, గురుడు తిరిగే కొద్దీ ఊగుతుంటుంది. యూరోపా సముద్రం బయటపడింది ఈ పది డిగ్రీల ఒరుగుదల పుణ్యమే. శనిగ్రహపు అయస్కాంత అక్షం భ్రమణాక్షంతో దాదాపు పూర్తిగా కలిసిపోయి ఉంటుంది. గురుడూ అలాగే ఉండి ఉంటే కివెల్సన్ బృందానికి ఆ దారి మూసుకుపోయేది.

1973-74లో గగెన్‌హైమ్ ఫెలోషిప్‌తో లండన్ ఇంపీరియల్ కాలేజీలో గడిపిన కాలం నుంచి డేవిడ్ సౌత్‌వుడ్‌తో ఆమె కలిసి పనిచేయడం మొదలైంది, అది దశాబ్దాల పాటు సాగింది. భూమి అయస్కాంతావరణంలో నిమిషాల వ్యవధితో కదిలే నిదానపు అలల మీద ఈ ఇద్దరూ రాసిన వ్యాసాలు ఆ రంగంలో నేటికీ చదవవలసినవి. 1979లో జేమ్స్ స్లేవిన్‌ను కలుపుకుని ముగ్గురూ సైన్స్ పత్రికలో ఒక ప్రశ్న ఎత్తారు. గురుడి నాలుగు పెద్ద చంద్రులకు సొంత క్షేత్రాలుంటే, గురుడి అయస్కాంతావరణం లోపల వాటి చిన్న అయస్కాంతావరణాలు ఎలా ఉంటాయి? ఆనాటికి అలాంటిది ఒక్కటి కూడా ఎక్కడా కనిపించలేదు.

దానికి జవాబు వెతకడానికి నౌక మాత్రం సిద్ధమవుతోంది. 1977లో నాసా గెలీలియో యాత్రకు మాగ్నెటోమీటర్ బృందం నాయకత్వాన్ని కివెల్సన్‌కు అప్పగించింది. అప్పటికి ఆమెకు దాదాపు 49 ఏళ్లు. నౌక గురుడి కక్ష్యలో చేరేసరికి 67. మధ్యలో 1986 జనవరిలో ఛాలెంజర్ షటిల్ ప్రమాదం జరిగి ప్రయోగం 1989 అక్టోబరు 18కి వాయిదా పడింది. మొదట అనుకున్న శక్తిమంతమైన పై అంచె రద్దు కావడంతో నౌక శుక్రుణ్ని ఒకసారి, భూమిని రెండుసార్లు దగ్గరగా దాటి వేగం పుంజుకోవాల్సి వచ్చింది. 1991 ఏప్రిల్‌లో గొడుగులా విచ్చుకోవాల్సిన ప్రధాన యాంటెనా సగంలో ఇరుక్కుంది. సెకనుకు 1,34,000 బిట్లు పంపాల్సిన నౌక, చిన్న యాంటెనాతో మహా అయితే 160 బిట్లు పంపగలిగే స్థితికి పడిపోయింది. కెమెరా బృందాలకు అది పెద్ద దెబ్బ. ఫొటోతో పోలిస్తే అయస్కాంత కొలతలకు కావలసిన బిట్లు చాలా తక్కువ కాబట్టి మాగ్నెటోమీటర్ తన పని చాలావరకు చేసుకోగలిగింది.

దారిలో గాస్ప్రా (1991), ఇడా (1993) అనే గ్రహశకలాల దగ్గర క్షేత్రం దిక్కు మారడం కనిపించింది. గాస్ప్రా అయస్కాంతితమైనదేమో అని బృందం సూచించింది. సౌరపవనంలో సహజంగా ఉండే మెలికలే అలా కనిపించి ఉండవచ్చన్న అనుమానాన్ని ఎవరూ పూర్తిగా తీర్చలేకపోయారు.

గెలీలియో 1995 డిసెంబరు 7న గురుడిని చేరింది. అదే రోజు అయోకు 900 కిలోమీటర్ల దూరంలో దాటింది. టేప్ రికార్డర్ కొన్ని వారాల ముందే మొరాయించడంతో అయో ఫొటోలను వదులుకున్నారు, క్షేత్రాల కొలతలు మాత్రం నమోదయ్యాయి. గురుడి నేపథ్య క్షేత్రం అక్కడ సుమారు 1,800 నానోటెస్లాలు. అయో పక్కన అందులో దాదాపు 700 తగ్గిపోయింది. (నానోటెస్లా అంటే టెస్లాలో వంద కోట్లలో ఒక వంతు. భూమధ్యరేఖ దగ్గర భూక్షేత్రం సుమారు 30,000 నానోటెస్లాలు.) అయోకు సొంత క్షేత్రం ఉంటే ఈ తగ్గుదల చక్కగా కుదురుతుంది. కానీ అయో చుట్టూ దట్టమైన ప్లాస్మా ఉంది. అందులో పుట్టే విద్యుత్ ప్రవాహాలు కూడా క్షేత్రాన్ని ఇలాగే తగ్గించగలవు. లోపలిదా, బయటిదా అన్న గౌస్ నాటి ప్రశ్న ఇక్కడ నాలుగేళ్లకు పైగా తేలలేదు. 1999 నుంచి 2001 వరకు గెలీలియో మళ్లీ మళ్లీ అయో పక్కగా, ధ్రువాల పైగా వెళ్లాక సొంత క్షేత్రం లేదని రూఢి అయింది.

గానిమీడ్ దగ్గర అంత సందిగ్ధం లేదు. 1996 జూన్ 27న నౌక 835 కిలోమీటర్ల ఎత్తులో దాటినప్పుడు, నేపథ్యంలో 120 నానోటెస్లాల వరకే ఉన్న క్షేత్రం దాదాపు 480కి ఎగబాకింది. సెప్టెంబరు 6న ధ్రువానికి దగ్గరగా, 260 కిలోమీటర్ల ఎత్తుకు దిగినప్పుడు వెయ్యి దాటింది. ప్లాస్మా తరంగాలను వినే డొనాల్డ్ గర్నెట్ బృందం పరికరంలో కూడా, నౌక ఒక అయస్కాంతావరణంలోకి ప్రవేశించి బయటికి వచ్చిన గుర్తులు పడ్డాయి. ఆ డిసెంబరులో నేచర్ పత్రికలో రెండు బృందాల వ్యాసాలూ పక్కపక్కన వచ్చాయి. గానిమీడ్ మధ్యరేఖ దగ్గర ఉపరితల క్షేత్రం సుమారు 720 నానోటెస్లాలని తర్వాతి లెక్కల్లో తేలింది.

ఈ క్షేత్రం దిక్కులో ఒక విశేషం ఉంది. గానిమీడ్ మధ్యరేఖ దగ్గర దాని క్షేత్రం గురుడి క్షేత్రానికి ఎదురు దిక్కులో ఉంటుంది. గురుడి క్షేత్రం తగిలి గానిమీడ్ రాళ్లు ఇనుప ముక్కల్లా అయస్కాంతమై ఉన్నా ఆ దిక్కు రావచ్చు. కానీ లోపల కరిగిన లోహపు గర్భం కదులుతూ డైనమో నడుపుతోందన్నదే ఎక్కువ మంది ఒప్పుకునే మాట. సొంత డైనమో ఉన్న చంద్రుడు సౌరకుటుంబంలో ఇప్పటికీ ఇదొక్కటే. బుధుడికన్నా పెద్దదే అయినా, అంత చిన్న గోళంలో ఇనుప గర్భం ఇన్ని కోట్ల ఏళ్లు చల్లారకుండా ఎలా ఉందన్నది వేరే చిక్కు.

యూరోపా కథ ఇంత సూటిగా నడవలేదు. 1996 డిసెంబరు 19న నౌక యూరోపాను దాటినప్పుడు క్షేత్రంలో చిన్న మార్పు కనిపించింది. యూరోపాకు సొంత ద్విధ్రువ క్షేత్రం (కడ్డీ అయస్కాంతానికిలా రెండు ధ్రువాలున్నది) ఉండి, దాని అక్షం బాగా ఒరిగి ఉంటే ఆ మార్పుకు సరిపోతుందని బృందం 1997లో రాసింది. అంతకు కొద్ది వారాల ముందు గురుడి మరో పెద్ద చంద్రుడు కాలిస్టో దగ్గర కనిపించిన మార్పు మరీ చిన్నది కావడంతో, దానికి సొంత క్షేత్రమే లేదని తేల్చారు. 1997 జూన్ 25న నౌక కాలిస్టోను రెండోసారి దాటింది. మొదటిసారి గురుడి క్షేత్రం ఒక దిక్కుకు ఊగి ఉండగా దాటితే, ఈసారి ఎదురు దిక్కుకు ఊగి ఉంది. కాలిస్టో స్పందన కూడా తిరగబడింది. సొంత క్షేత్రమైతే తిరగబడదు. గురుడి ఊగుడుకు బదులుగా పుట్టే ప్రేరిత క్షేత్రమే అలా ప్రవర్తిస్తుంది.

వంటింట్లో ఇండక్షన్ స్టవ్ మీద గిన్నె వేడెక్కడం వెనుక ఉన్నదీ ఇదే భౌతికం. మారుతున్న అయస్కాంత క్షేత్రం విద్యుత్తును ప్రవహింపజేయగల పదార్థంలో సుడిగుండంలాంటి కరెంటును పుట్టిస్తుంది, ఆ కరెంటు తన వంతుగా మరో క్షేత్రాన్ని పుట్టిస్తుంది. పుట్టిన క్షేత్రం ఎప్పుడూ అసలు మార్పుకు ఎదురు తిరుగుతుంది. యూరోపా నుంచి చూస్తే గురుడి క్షేత్రం సుమారు 11.2 గంటలకు ఒకసారి ఊగుతుంది. ఆ ఊగుడు అటూ ఇటూ దాదాపు 200 నానోటెస్లాలు. ఇదే ప్రేరణ సూత్రంతో భూగర్భాన్ని చదివే మాగ్నెటోటెల్యూరిక్ సర్వేలు భూమి మీద మామూలే, హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వాటిని ఏళ్ల తరబడి చేస్తోంది. అక్కడ భూమి మీది అయస్కాంత అలజడులే మూలం. యూరోపాకు ఆ అలజడిని గడియారంలా సరఫరా చేస్తున్నది గురుడి భ్రమణం.

1998లో క్రిషన్ ఖురానా మొదటి రచయితగా, కివెల్సన్ సహా యూసీఎల్‌ఏ బృందం నేచర్‌లో ఈ వ్యాఖ్యానాన్ని ప్రచురించింది. యూరోపా, కాలిస్టో రెండింటి స్పందనా లోపల ఉప్పునీటి పొర ఉంటే వచ్చే స్పందనకు సరిపోతోందని వాదన. ఎందుకు నీరే? మంచు విద్యుత్తును దాదాపు పోనివ్వదు, రాయి కూడా అంతే. ఇనుప గర్భం బాగా పోనిస్తుంది గానీ అది చాలా లోతున ఉంటుంది. ద్విధ్రువ క్షేత్రం దూరంతో ఘనానుపాతంలో తగ్గిపోతుంది కాబట్టి, గర్భం నుంచి వచ్చే ప్రతిస్పందన నౌక ఉన్న చోట కొలిచినంత బలంగా ఉండడం కుదరదు. ఉపరితలం పైన ఉన్న పలచని అయనోస్పియర్ (అయాన్ల పొర) అంత కరెంటును మోయలేదు. అంటే వాహకం ఉపరితలానికి దగ్గరలోనే, గోళమంతా చుట్టి ఉండాలి. కరిగిన లవణాలున్న నీరు ఈ షరతులన్నిటికీ ఒదుగుతుంది. భూమి సముద్రపు నీటంత ఉప్పగా ఉంటే కొన్ని కిలోమీటర్ల మందం చాలునని క్రిస్టఫ్ జిమ్మర్, ఖురానా, కివెల్సన్ 2000లో లెక్క కట్టారు.

యూరోపా విషయంలో మాత్రం ఒక లోపం మిగిలిపోయింది. అప్పటివరకు ఉపయోగపడిన యూరోపా సమీప ప్రయాణాలన్నీ గురుడి క్షేత్రం ఇంచుమించు ఒకే వైపు ఊగి ఉన్నప్పుడు జరిగాయి. ఒరిగిన సొంత క్షేత్రం ఉన్నా అదే గీత వచ్చేది. తేడా తేలాలంటే ఎదురు దశలో ఒక్కసారైనా దాటాలి. గెలీలియో అసలు యాత్ర 1997 చివరితో ముగిసింది, తర్వాతి పొడిగింపుల్లో అలాంటి ప్రయాణాన్ని ఇరికించాల్సి వచ్చింది. 2000 జనవరి 3న నౌక సుమారు 350 కిలోమీటర్ల ఎత్తులో యూరోపాను దాటింది, ఈసారి గురుడి క్షేత్రం రెండో వైపు ఊగి ఉండగా. ద్విధ్రువం తిరగబడింది. ఆ ఆగస్టులో సైన్స్ పత్రికలో కివెల్సన్ మొదటి రచయితగా వచ్చిన వ్యాసం పేరులోనే సముద్రం వాదన బలపడిందని ఉంది. అంతకు మించి ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. గ్రహశాస్త్రంలో ఇంత పెద్ద ప్రకటన ఇంత తక్కువ స్వరంతో రావడం అరుదు. ఒక ఊహను ముందే చెప్పి, దాన్ని కూలదోయగల సందర్భం కోసం ఎదురుచూసి, ఆ సందర్భంలో నిలబెట్టుకున్న పని కాబట్టి ఫొటోల్లోని మంచు పగుళ్లను చూసి చేసిన వాదనలకన్నా దీనికి బరువెక్కువ. 2003 సెప్టెంబరు 21న ఇంధనం అడుగంటిన గెలీలియోను కావాలని గురుడి వాతావరణంలోకి పంపి కాల్చేయడానికి కూడా ఈ సముద్రమే కారణం. అదుపు తప్పిన నౌక ఎప్పుడో యూరోపా మీద పడితే, దాని మీద మిగిలిన భూమి సూక్ష్మజీవులు ఆ సముద్రంలో కలిసే ప్రమాదం ఉంది.

గానిమీడ్‌కు కూడా సొంత క్షేత్రంతో పాటు ప్రేరిత క్షేత్రం ఉండవచ్చని కివెల్సన్, ఖురానా, మార్టిన్ ఫోల్వెర్క్ 2002లో రాశారు. ఆ కొలతలు రెండు రకాల వ్యాఖ్యానాలకూ చోటిచ్చాయి. 2015లో జోయాకిమ్ సౌర్ బృందం హబుల్ టెలిస్కోప్‌తో గానిమీడ్ ధ్రువజ్యోతులను గమనించింది. సముద్రం లేకపోతే ఆ జ్యోతులు దాదాపు ఆరు డిగ్రీలు ఊగాలి. రెండు డిగ్రీలే ఊగాయి. లోపలి ఉప్పునీరు ఊగుడును అణచివేస్తోందన్నమాట.

అయో పాత కొలతలను ఖురానా, కివెల్సన్ తదితరులు 2011లో ఇదే ప్రేరణ పద్ధతితో మళ్లీ చదివారు. అక్కడ వాహకం నీరు కాదు, కరిగిన రాయి. ఉపరితలం కింద 50 కిలోమీటర్లకు పైగా మందమున్న, కనీసం ఐదో వంతు కరిగిన శిలాద్రవపు పొర ఉందని చెప్పారు. ఈ నిర్ణయం ఇప్పుడు ఇబ్బందిలో పడింది. జూనో నౌక 2023 డిసెంబరులో, 2024 ఫిబ్రవరిలో అయోకు బాగా దగ్గరగా వెళ్లి గురుత్వాన్ని కొలిచింది. తక్కువ లోతులో గోళమంతా పరచుకున్న శిలాద్రవ సముద్రం ఉంటే అయో వంగాల్సినంత వంగడం లేదని ఆ కొలతలు చెప్పాయి.

శని దగ్గర ఆమె పాత్ర చిన్నది. శని దగ్గరికి వెళ్లిన కసీనీ నౌక మాగ్నెటోమీటర్ బృందంలో ఆమె సభ్యురాలు. నాయకత్వం మొదట సౌత్‌వుడ్‌ది, ఆయన ఐరోపా అంతరిక్ష సంస్థకు వెళ్లాక మిషెల్ డౌహర్టీది. 2005 ఫిబ్రవరి, మార్చిలలో ఎన్సెలాడస్ అనే చిన్న చంద్రుడి పక్కన క్షేత్రరేఖలు అడ్డు తగిలినట్టు వంగడం ఈ బృందం చూసి, జులైలో నౌకను 173 కిలోమీటర్ల దగ్గరికి తీసుకెళ్లేలా యాత్ర నిర్వాహకులను ఒప్పించింది. దక్షిణ ధ్రువం నుంచి ఎగజిమ్మే నీటి ఊటలు అలా బయటపడ్డాయి. రస్సెల్‌తో కలిసి కివెల్సన్ సంపాదకత్వం వహించి 1995లో వెలువరించిన అంతరిక్ష భౌతిక పాఠ్యపుస్తకం తర్వాతి తరం పరిశోధకులకు ప్రవేశద్వారమైంది. 1999లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ సభ్యత్వం, 2005లో ఐరోపా భూశాస్త్రవేత్తల సంఘం ఆల్వేన్ పతకం, 2019లో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ స్వర్ణపతకం ఆమెకు దక్కిన గౌరవాల్లో కొన్ని.

2018లో పాత గీతల్లోంచి మరొకటి పైకి వచ్చింది. యూరోపా నుంచి నీటి ఆవిరి ఎగుస్తున్నట్టు హబుల్ చిత్రాల్లో కనిపించడంతో, మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన షియాంజే జియా, కివెల్సన్, ఖురానా, విలియం కుర్త్ 1997 డిసెంబరు 16 నాటి సమీప ప్రయాణాన్ని వెతికి తీశారు. ఆ రోజు గెలీలియో యూరోపా ఉపరితలానికి సుమారు 200 కిలోమీటర్ల ఎత్తులో వెళ్లింది. అప్పట్లో క్షేత్రంలో కనిపించిన ఒక పదునైన, కొద్దిసేపటి మెలికకు ఎవరికీ వివరణ దొరకలేదు. నీటి ఊట గుండా నౌక దూసుకుపోతే ఎలాంటి మెలిక వస్తుందో కంప్యూటర్‌లో లెక్కగట్టి చూస్తే, ఆకారం సరిపోయింది. ఇరవై ఏళ్లు అర్థం కాకుండా పడి ఉన్న కొన్ని నిమిషాల కొలత అది. ఊట ఉందనడానికి ప్రత్యక్ష సాక్ష్యం ఇంకా కావాలి.

తర్వాతి నౌక యూరోపా క్లిపర్. దానికి 2015లో ఎంపిక చేసిన ఐస్‌మాగ్ అనే మాగ్నెటోమీటర్‌ను ఖర్చు పెరిగిపోతోందని నాసా 2019 మార్చిలో రద్దు చేసింది. సముద్రాన్ని కొలవడానికే వెళ్లే నౌకలో ఆ సముద్రాన్ని కనిపెట్టిన రకం పరికరమే లేకుండా పోయే పరిస్థితి. దాని స్థానంలో సాదా రకం ఫ్లక్స్‌గేట్ పరికరాన్ని పెట్టాలని నిర్ణయించి, శాస్త్ర బృందం నాయకత్వాన్ని కివెల్సన్‌కు అప్పగించారు. 8.5 మీటర్ల బూమ్ మీద మూడు సెన్సర్లు. క్లిపర్ 2024 అక్టోబరు 14న ఫ్లోరిడా నుంచి బయలుదేరింది, 2030 ఏప్రిల్‌లో గురుడిని చేరి యూరోపాను 49 సార్లు దగ్గరగా దాటాలి. 2023 ఏప్రిల్ 14న బయలుదేరిన ఐరోపా నౌక జ్యూస్ గానిమీడ్ చుట్టూ కక్ష్యలో తిరగాలి. దాని మాగ్నెటోమీటర్ డౌహర్టీ నాయకత్వంలో తయారైంది.

గెలీలియో కొలతలు సముద్రం ఉందని చెప్పగలిగాయి గానీ అది ఎంత లోతో, ఎంత ఉప్పనో విడదీయలేకపోయాయి. పలచని ఉప్పటి సముద్రమూ, లోతైన చప్పటి సముద్రమూ 11.2 గంటల ఊగుడుకు ఒకే రకంగా జవాబిస్తాయి. యూరోపా గురుడి చుట్టూ తిరిగే 85 గంటల కాలంలో దూరం కొద్దిగా మారడం వల్ల ఇంకో నిదానమైన, చాలా చిన్న ఊగుడు ఉంది. నిదానపు ఊగుడు వాహకంలోకి లోతుగా చొచ్చుకుపోతుంది కాబట్టి, రెండింటి స్పందనలనూ విడివిడిగా కొలిస్తే లోతునూ ఉప్పదనాన్నీ వేరుచేయవచ్చు. కొద్దిపాటి సమీప ప్రయాణాలతో గెలీలియోకు అది వీలుపడలేదు. గురుడి దశలన్నిటిలోనూ, యూరోపా చుట్టూ వేర్వేరు చోట్లా పరచిన 49 ప్రయాణాలను అందుకే ఎంచుకున్నారు.